దాలయ్య గారి త్రీడీ దవడ

వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక ఊళ్ళో దాలయ్య గారు పెద్దమనిషి. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఒకసారి వార్డు మెంబరుగా నిలబడితే పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయారు కూడా. అయినా పెద్దమనిషే. ఎందుకంటే ఊళ్ళో అందరికన్నా పెద్ద గొంతు ఆయనది. నాలుగెకరాల కొబ్బరి, జీడి తోట, ఇంటిముందు పొడవాటి అరుగు, అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో ఆయన. గట్టు తగాదా వచ్చినా, కోడలు అలిగి పుట్టింటికి పోయినా, పక్కింటివాళ్ళ మేక మొక్కలు మేసేసినా జనం ముందు ఆ అరుగు దగ్గరికే వచ్చేవారు. తీర్పు న్యాయంగా ఉంటుందని కాదు. ఆయన చెప్పడం మొదలుపెడితే కాసేపటికి ఇరుపక్షాలకీ విసుగొచ్చి, వాళ్ళలో వాళ్ళే రాజీకొచ్చి, చల్లగా జారుకునేవారు. ఊరు ప్రశాంతంగా ఉండేది.

అలాంటి మనిషికి అరవై నిండకుండానే పైపళ్ళు, ముందువి మూడు, పోయాయి. రెండింటిని చుట్టా, చిగుళ్ళ వాపూ కలిసి తినేశాయి. ఊగే పంటిని నాలుకతో అటూ ఇటూ తోస్తూ కూర్చోవడం ఆయనకు మంచి కాలక్షేపంగా ఉండేది. ఒకనాటితో ఆ ఆట ముగిసింది. మూడోది పలాసలో, గోపాలరావు అనే జీడిపప్పు వ్యాపారి కొట్లో పోయింది. పప్పు ఏ రకమో పంటితో కొరికి చెప్పేస్తానని దాలయ్య గారు పందెం కట్టారు. కొరికారు. పప్పుకేమీ కాలేదు.

అసలే ఆ ఊరున్న ఉద్దానం వైపు చ-లన్నీ స-లు. చెప్పు సెప్పవుతుంది, చూడు సూడవుతుంది. ముందుపళ్ళు పోయేసరికి ఆ స-లు కూడా దాలయ్య గారి నోట్లో నిలవక, ఫ-లై గాలితోపాటు బయటికి రావడం మొదలుపెట్టాయి. సంగతి ఆయనకు తెలియదు. ఎవరి గొంతు వాళ్ళకు బాగానే వినిపిస్తుంది కదా. తెలిసింది ఒక గట్టు తగాదాలో. అన్నదమ్ములిద్దరు ఒక కొబ్బరిచెట్టు కోసం కొట్టుకుని అరుగు ముందుకొచ్చారు. ఊళ్ళో సగం మంది చేరారు. దాలయ్య గారు అంతా విని, కుర్చీ చేతిమీద గుద్ది, తీర్పిచ్చారు.

"ఫర్వే రాయి ఎక్కడున్నాదో ఫరిహద్దు అక్కడే! ఇంక ఎవుడేటి ఫెప్పినా నాను ఇనను!"

చేరినవాళ్ళంతా నవ్వు ఆపుకుంటూ నేలచూపులు చూశారు. పెద్దతల్లి అనే పక్కింటావిడ మాత్రం, ఆయనకు వరసకు మరదలు, చీపురు పట్టుకుని తన గుమ్మంలోంచే, "ఫరే బావా!" అంది.

అంతే. అన్న నవ్వాడు. తమ్ముడు నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని ఇద్దరూ ఒకే బండెక్కి వెళ్ళిపోయారు. తగాదా ఆనాటితో తీరిపోయింది. తన తీర్పు వల్ల కాక తన తొర్రి వల్ల తీరిపోవడం దాలయ్య గారికి మింగుడుపడలేదు. నాలుగు రోజులు అరుగెక్కలేదు.

(ఇక్కణ్ణుంచి ఆయన మాటల్లోని ఈలలు రాయడం మానేద్దాం. చదివేవారు ఎవరికి వారు ఊదుకోవాలి.)

"పళ్ళు కట్టించీసుకో మావా," అంది బంగారమ్మ.

బంగారమ్మ ఆయన భార్య. మేనరికం. పెళ్ళయి ముప్ఫై మూడేళ్ళయినా మావా అనే పిలుస్తుంది. మాట్లాడటం ఆయన వంతు, వినడం ఆవిడ వంతు అని పెళ్ళినాడే పంపకాలు జరిగినట్టు వాళ్ళ కాపురం సాగిపోయింది.

"తీసి గలాసులో పెట్టుకునీ పళ్ళు ముసిలోళ్ళకే," అన్నారు దాలయ్య గారు. "నాకు స్క్రూ పళ్ళు గావాల. గోపాలరావుకి ఏయించినారు సూడు, అలాటివి. ఆడు నవ్వితే బల్బు ఎలిగినట్టుంటాది."

మర్నాడు ఇద్దరూ ఆటోలో కాశీబుగ్గ వెళ్ళారు. బస్టాండు వెనక మేడమీద డాక్టర్ బిందుమాధవి గారి పళ్ళ ఆసుపత్రి. ఆవిడది పలాసే, ఈ ప్రాంతపు నోళ్ళన్నీ చూసిన మనిషి. దాలయ్య గారి నోరు తెరిపించి, అద్దం పెట్టి, చిగుళ్ళు నొక్కి, ఆఖర్న అడిగింది.

"చుట్ట ఎన్ని కాలుస్తారండి?"

"ఎప్పుడో ఒకటి."

వెనక బెంచీ మీద బంగారమ్మ దగ్గింది. డాక్టరమ్మ ఆ దగ్గు కూడా కాగితం మీద రాసుకున్నట్టే ఉంది.

"మీరడిగే స్క్రూ పళ్ళని ఇంప్లాంట్లంటారు. ఎముకలో బిగిస్తాం. గోడకి మేకు కొట్టేముందు గోడ మందమెంతో చూసుకోవాలి కదా, ఇదీ అంతే."

"అయితే తీసీండి ఎక్స్‌రే."

"ఎక్స్‌రే గోడమీద పడిన నీడలాంటిది దాలయ్యగారూ. నీడ చూస్తే మనిషి ఎంత పొడుగో తెలుస్తుంది. ఎంత లావో తెలియదు. మందం తెలియాలంటే దవడని అన్ని వైపుల్నుంచీ తీసే త్రీడీ స్కాను కావాలి. సీబీసీటీ అంటారు. టెక్కలిలో తీస్తున్నారు, రాసిస్తాను."

స్కాను అనే మాట వినగానే దాలయ్య గారి మొహం పాలిపోయింది. డాక్టరమ్మ గమనించింది.

"భయమైతే పక్కపళ్ళని ఆసరా చేసుకుని బ్రిడ్జి కట్టేయొచ్చు. దానికి ఈ స్కాను అక్కర్లేదు. స్క్రూలే కావాలని పట్టుబడితేనే స్కాను."

"భయమా? నాకా? రాసీండి!"

చీటీ తీసుకుని లేస్తుంటే డాక్టరమ్మ చూపు బంగారమ్మ మీద పడింది. ఆవిడ వచ్చినప్పట్నుంచీ ఎడమచెంపకి కొంగు అదుముకునే కూర్చుంది.

"మీకేమైనా ఇబ్బందా అమ్మా?"

బంగారమ్మ నోరు విప్పబోయింది.

"ఆవిడికేటి నేదండి," అన్నారు దాలయ్య గారు. "ఉక్కుముక్క."

బంగారమ్మ నోరు మూసుకుంది.

తిరుగు ఆటోలో పెద్దతల్లి కూరగాయల సంచితో ఎక్కింది. ఎక్కీ ఎక్కకుండానే ఆయన చేతిలో కాగితం చూసింది.

"ఏటి బావా, ఆ కాయితం?"

"స్కానింగు."

"దేనికి?"

పళ్ళకని చెబితే సరిపోయేది. కాని పెద్దతల్లి ముందు పళ్ళ ప్రసక్తి తేవడానికి దాలయ్య గారికి మనసొప్పలేదు. "ఊరికినే. ఓపాలి మొత్తం సూసుకుందామనీసి," అని, మొహం రోడ్డువైపు తిప్పుకున్నారు.

ఉద్దానంలో అలా చెప్పకూడదు. ఆ నేలలో ఏముందో, నీళ్ళల్లో ఏముందో పెద్దపెద్ద వాళ్ళొచ్చి సీసాలనిండా పట్టుకెళ్ళారు గాని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న ఊళ్ళు. అక్కడ మనిషి ఇంటిపేరు మర్చిపోతారు గాని రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతో మర్చిపోరు. దాలయ్య గారి సొంత అన్నే మూడేళ్ళపాటు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోయాడు. స్కానింగు, మొహం తిప్పుకోవడం, ఈ రెండూ కలిస్తే పెద్దతల్లికి వేరే రిపోర్టు అక్కర్లేదు. ఆటో ఊళ్ళోకి వచ్చేసరికి ఆవిడ మనసులో నిర్ధారణ అయిపోయింది. పొద్దువాలే లోపల ఊరందరికీ అయిపోయింది.

మర్నాటి నుంచి పరామర్శలు. వచ్చినవాళ్ళు జబ్బు పేరెత్తరు. అరుగు చివర కూర్చుని నిట్టూరుస్తారు. "మన సేతుల్లో ఏటున్నాదిలే బావా," అంటారు. కొబ్బరిచెట్టు తగాదా అన్నదమ్ములు కూడా వచ్చి, "మీరు సెప్పిన తీర్పే తీర్పు," అని చేతులు పట్టుకున్నారు. దాలయ్య గారికి మొదట్లో ఈ గౌరవమంతా బాగానే అనిపించింది. తన విలువ జనానికి ఇన్నాళ్ళకి తెలిసొచ్చిందనుకున్నారు.

అసలు సంగతి కొబ్బరినీళ్ళ దగ్గర బయటపడింది. ఆ ఊళ్ళో కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికి కూడా బొండం కొట్టివ్వనిదే పంపరు. అలాంటిది దాలయ్య గారు ఒకరి తోటకెళితే అందరికీ బొండాలిచ్చి, ఆయన్ని మాత్రం దాటేశారు.

"నాకేదిరా?"

"మీకొద్దులెండి బాబూ," అన్నాడు తోటాయన, తల వంచుకుని.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు పనికిరావని ఉద్దానంలో పసిపిల్లలకీ తెలుసు. దాలయ్య గారు ఒక్క క్షణంలో అర్థం చేసుకున్నారు. కోపం రావాలి. రాలేదు. దానికి బదులు అన్న గుర్తొచ్చాడు. ఇంటికొచ్చి పెరట్లోకి పోయి, ఎవరూ వినకుండా డాక్టరమ్మకి ఫోను చేశారు.

"అమ్మా, ఆ స్కానుకి ఒంట్లోకి మందేటైనా ఎక్కిత్తారేటి? అలాటి మందు కిడ్నీలకి మంచిది కాదనీసి మా అన్న ఉన్నప్పుడు ఇన్నాను."

"దీనికి మందూ లేదు, సూదీ లేదండి," అంది బిందుమాధవి. "మీ కిడ్నీల జోలికే పోదు. కిరణాలు మాత్రం ఉంటాయి. చిన్న పంటి ఎక్స్‌రే కన్నా ఎక్కువ, పెద్దాసుపత్రిలో తీసే సీటీ స్కాను కన్నా చాలా తక్కువ. అందుకే అవసరముంటేనే రాస్తాం. సరదాకి రాయం."

"మరి సొరంగం లోపలికి తోసేత్తారా?"

"ఏ సొరంగమూ లేదు. గడ్డం ఆనించి నిలబడతారు. మిషను తల చుట్టూ ఒకసారి తిరుగుతుంది. మీరు కదలకుండా, మాట్లాడకుండా ఒక్క ఇరవై సెకన్లుంటే చాలు."

అంతేనా అనుకున్నారు దాలయ్య గారు. ఇరవై సెకన్లు మాట్లాడకుండా ఉండటం ఎలా ఉంటుందో ఆయనకు అంతవరకూ అనుభవం లేదు.

టెక్కలి స్కాను సెంటర్లో సాయికుమార్ అనే కుర్ర టెక్నీషియన్ ఉన్నాడు. వస్తూనే, "రండి తాతగారూ," అన్నాడు. దాలయ్య గారికి ఆ క్షణం నుంచే ఆ సెంటరు నచ్చలేదు.

"మెడపైన లోహం ఏదున్నా తీసెయ్యాలండి. కళ్ళజోడు, చెవిపోగులు, గొలుసు. కట్టుడుపళ్ళుంటే అవీ. లేకపోతే బొమ్మలో మెరుపుచారలు పడి ఎముక కనబడదు."

కళ్ళజోడు తీశారు. పోగులు బంగారమ్మ తీసింది. గొలుసు దగ్గర కాస్త పేచీ అయింది. గొలుసు లేకుండా ఆయన్ని ఊళ్ళో ఎవరూ చూడలేదు. చివరికి అదీ తీసి, నడుము తడుముకుని, "మొలతాడో?" అన్నారు.

"అది దవడ దాకా రాదు కదండీ."

గడ్డం పీటమీద ఆనించారు. కొరకమని చిన్న పుల్లలాంటిది ఇచ్చారు. కొరకడానికి పళ్ళుంటే ఇక్కడికెందుకొస్తానని దాలయ్య గారు ఒక ఉపన్యాసం మొదలుపెట్టారు. సాయికుమార్ ఓపిగ్గా పుల్ల తీసేసి, వేరే ఆధారం బిగించి, తలకి పట్టీ కట్టి, "ఇంక కదలకండి. గుటక కూడా వెయ్యకండి," అని అద్దాల గదిలోకి వెళ్ళిపోయాడు.

మిషను సన్నగా గుయ్యిమంటూ కదిలింది. దాని చెయ్యి ఆయన కుడిచెవి దాటింది. సరిగ్గా అప్పుడు చొక్కా జేబులో ఫోను మోగింది.

దాలయ్య గారు ముప్ఫై ఏళ్ళుగా మోగిన ఫోను ఎత్తకుండా ఉన్నది లేదు. ఎత్తారు.

"హలో? ఆఁ, స్కాన్లోనే ఉన్నాను. సెప్పు."

పెద్దతల్లి. ఎలా ఉంది బావా అని అడగడానికి చేసింది.

తెరమీద దాలయ్య గారికి రెండు ముక్కులూ, నాలుగు దవడలూ పడ్డాయి. సాయికుమార్ తల పట్టుకున్నాడు. మళ్ళీ తియ్యమని దాలయ్య గారు దర్జాగా చెయ్యి ఊపారు. ఆ కుర్రాడు మాత్రం వెంటనే తియ్యలేదు. "మళ్ళీ తీస్తే మళ్ళీ కిరణాలు పడతాయండి. ఊరికే తియ్యకూడదు," అని డాక్టరమ్మకి ఫోను చేసి, అడిగి, సరేననిపించుకుని వచ్చాడు. ఈసారి ఫోను బంగారమ్మ చేతికిచ్చాడు. అయినా నమ్మకం కుదరక, కాసేపు ఆలోచించి, మంచి ఉపాయం పన్నాడు.

"బాబుగారూ, దీన్ని స్కాననుకోకండి. ఫ్లెక్సీకి ఫోటో తీయించుకుంటున్నారనుకోండి."

దాలయ్య గారి వెన్ను నిటారైంది. ఛాతీ పొంగింది. చూపు దూరంగా, ప్రజల భవిష్యత్తు మీద నిలిచింది. మిషను చుట్టూ తిరిగొచ్చి ఆగిపోయినా ఆయన కదల్లేదు. అయిపోయిందని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

నాలుగు రోజులకు కాశీబుగ్గలో డాక్టరమ్మ కంప్యూటర్లో బొమ్మ తెరిచింది. తెరమీద దాలయ్య గారి దవడలు, పైనా కిందా, గాల్లో తేలుతూ గిరగిరా తిరిగాయి. ఆయన మంత్రముగ్ధుడై చూశారు.

"నా ఎముకలు ఇంత బాగుంటాయనీసి నాకు తెల్దు. ఇది నా ఫోన్లో ఎక్కించండమ్మా."

"ఎక్కిస్తాను. ముందు ఇటు చూడండి. పళ్ళు పోయినచోట ఎముక కరిగిపోయింది. మూడు మిల్లీమీటర్ల మందం కూడా లేదు. ఇక్కడ స్క్రూ దింపితే పక్కనుంచి బయటికొచ్చేస్తుంది. ముందు ఎముక పెంచే ఆపరేషన్ చెయ్యాలి, చుట్ట పూర్తిగా మానాలి, అప్పుడు కూడా పట్టుకుంటుందని గ్యారంటీ ఇవ్వలేను. బ్రిడ్జి కట్టించుకోండి. నా మాట వినండి."

"మరింత దూరమెల్లి ఈ స్కాను తియ్యించుకుని ఏటి లాభం?"

"స్క్రూ వెయ్యకూడదని తెలిసింది. అదే లాభం."

ఇది దాలయ్య గారికి లాభంలా అనిపించలేదు. తన వాదన వినిపించడానికి గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపులో దొరికిన చిన్న సందులో, వెనక నుంచి బంగారమ్మ మాట వినిపించింది.

"అమ్మా, ఆ పైన బుగ్గల్లోన నల్లగా బోలుగా ఉన్నాది, అదేటమ్మా?"

"అది సైనస్ అమ్మా. గాలి గది. అందరికీ ఉంటుంది."

"కింద దవడకీ ఉంటాదా?"

"కింద ఉండదే. ఎందుకు?"

బంగారమ్మ కొంగు తీసింది. "నాకీ పక్క అలాగే బోలుగా ఉన్నట్టుంటాది. నొక్కితే అట్టముక్కలాగ లోపలికెల్తాది."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. బంగారమ్మ ఎడమదవడ వేళ్ళతో తడిమింది. దీపం వేసి నోట్లోపల చూసింది. అక్కడే చిన్న ఎక్స్‌రే ఒకటి తీసింది. ఫిల్ములో నల్లటి గుండ్రం సగమే పడింది, మిగతా సగం అంచు దాటి ఎక్కడికో పోయింది.

"ఎన్నాళ్ళయిందమ్మా ఇది?"

"సమచ్చరం దాటుంటాదమ్మా. పెద్ద నొప్పేటి నేదు. అటుపక్క నమలడం మానీసినాను."

"సంవత్సరమా! ఎందుకు చెప్పలేదు ఎవరికీ?"

బంగారమ్మ భర్త వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, దెప్పడం లేదు.

"సెప్దామనే అనుకునీదాన్నమ్మా. ఈయన మాట అయిపోనీ అనీసి ఆగినాను."

దాలయ్య గారు ఆ ఎడమదవడ వైపు చూశారు. సంవత్సరంగా తన ఎదురుగా కూర్చుని తింటున్న మనిషి ఏ పక్క నమలుతోందో తను చూడలేదు. అన్నం మాని చోడి అంబలే, అంటే రాగిజావే, తాగుతుంటే, ఒంటికి మంచిదని తాగుతోందనుకున్నారు. అది ఎంత మంచిదో అరుగుమీద పదిమందికి చెప్పారు కూడా.

"ఈవిడికి స్కాను కావాలి," అంది బిందుమాధవి. "మీకు రాసినప్పుడు మీరడిగారని రాశాను. ఈవిడ అడక్కపోయినా రాయాలి. అది ఎంత దూరం పాకిందో, లోపల నరం ఎక్కడుందో చూడకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదు."

మళ్ళీ టెక్కలి. ఈసారి పేచీ ముక్కుపుడకలతో. రెండు పక్కలా రెండు, పదేళ్ళప్పుడు కుట్టించినవి, ఎన్నడూ తీసినవి కావు. సాయికుమార్ ప్రయత్నించి వదిలేశాడు. బజార్లోంచి కంసాలాయన వచ్చి, చిన్న పటకారుతో శీల తిప్పి, కొబ్బరినూనె వేసి, అరగంట శ్రమపడితే వచ్చాయి. పుడకల్లేని మొహం అద్దంలో చూసుకుని, "మా అమ్మలాగున్నాను," అంది బంగారమ్మ.

సాయికుమార్ కాగితం తీసి, తటపటాయించాడు. "ఏమనుకోకండమ్మా. ఆడవాళ్ళందర్నీ అడగాలి, మా రూలు. కడుపుతో గాని ఉన్నారా?"

యాభై రెండేళ్ళ బంగారమ్మ విరగబడి నవ్వింది. దవడ నొప్పెట్టి, పట్టుకుని మరీ నవ్వింది.

"ఈయన్ని అడుగు బాబూ. నా గురించి అన్నీ ఈయనే సెప్తారు."

దాలయ్య గారు సిగ్గుపడి బయటికి నడిచారు. వరండాలో నిలబడ్డారు. అన్నతో డయాలసిస్ గది బయట కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. ఫోను మోగింది. పెద్దతల్లి. ఎత్తి, "తరవాత," అని పెట్టేశారు. అవతల పెద్దతల్లికి భయం పట్టుకుంది. దాలయ్య బావ ఒక్క ముక్కతో ఫోను పెట్టేశాడంటే ఇంక గంటల్లోనే ఉందని చుట్టుపక్కల చెప్పింది.

లోపల బంగారమ్మ గడ్డం ఆనించి నిలబడింది. మిషను చుట్టూ తిరిగొచ్చింది. మొదటిసారే వచ్చేసింది. "ఇంత శుభ్రంగా ఈమధ్య ఎవరికీ రాలేదండి," అన్నాడు సాయికుమార్.

దవడ చివర ఒక జ్ఞానదంతం పైకి రాకుండా ఎముకలోనే అడ్డంగా పడుకుని ఉంది. దాని చుట్టూ నీటితిత్తి పెరిగి, ఎముకని లోపల్నుంచి తినేసి, గుడ్డుపెంకంత పలచన చేసేసింది. కింది పెదవికి పోయే నరం దాని అడుగున నలుగుతోంది. ఇంకొన్నాళ్ళు పోతే ఏ గట్టి ముక్క కొరికినప్పుడో దవడే విరిగేదని చెప్పింది డాక్టరమ్మ. ఆపరేషన్‌కి శ్రీకాకుళం రాసిచ్చింది.

దాలయ్య గారు తేరుకున్నారు. తేరుకోగానే మామూలు మనిషైపోయారు. "శ్రీకాకుళమేటి, విశాఖపట్నమే ఎల్దాం. అక్కడ ఇంతకంటే పెద్ద మిషన్లుంటాయి. మల్లీ తీయించీద్దాం."

"ఎక్కడికైనా వెళ్ళండి గాని మళ్ళీ తీయించకండి," అంది బిందుమాధవి, డిస్కూ, రిపోర్టు కాగితమూ బంగారమ్మ చేతిలో పెడుతూ. "ఇదే చూపించండి. ఇది మీ సొంతం, ఏ డాక్టరైనా ఇందులోంచే చూస్తారు. ఒకే దవడకి ఊరికో స్కాను అక్కర్లేదు."

శ్రీకాకుళంలో అదే డిస్కు చూసి ఆపరేషన్ చేశారు. నరం ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి దాన్ని తప్పించి తిత్తి తీశారు. తీసినదాన్ని పరీక్షకి పంపితే చెడ్డదేమీ కాదని వచ్చింది. అప్పటికే నలిగిన నరం తేరుకునేదాకా, రెండు నెలలపాటు బంగారమ్మ కింది పెదవి సగం మొద్దుబారి, గ్లాసు ఎత్తితే నీళ్ళు ఒలికేవి. ఆ రెండు నెలలూ అంబలి దాలయ్య గారే కాచారు. మొదటివారం అడుగంటింది, రెండోవారం ఉండలు కట్టింది. బంగారమ్మ వంకపెట్టకుండా తాగింది. వంకపెడితే అంబలి మీద ఉపన్యాసం వినాలని తెలుసు.

దాలయ్య గారికి బ్రిడ్జి కట్టారు. స-లు తిరిగొచ్చాయి. ఆ స్కాను పళ్ళకేనని ఊరికి తెలిసి కొబ్బరిబొండాలూ తిరిగొచ్చాయి. ఊళ్ళో మాత్రం కొత్త జబ్బు పట్టుకుంది. బంగారమ్మ దవడలో దాగిన తిత్తిని మిషను పట్టేసిందని తెలిసిన నాటి నుంచి, పన్ను జివ్వుమంటే చాలు త్రీడీ. దాలయ్య గారి ఫోన్లో ఆయన దవడలు గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చూపిస్తారు. చిగురు వాచిందని ఎవరైనా అంటే, "త్రీడీ తియ్యించీ. నా పేరు సెప్పు," అంటారు. ఎదురింటావిడ ఇంకో అడుగు ముందుకేసి, తన కోడలు దాలయ్య గారికన్నా రెండు దవడలెక్కువ ఉన్న స్కాను తీయించుకుందని చెప్పింది.

ఒకరోజు బిందుమాధవి ఫోను చేసింది.

"దాలయ్యగారూ, ఈ వారం మీ పేరు చెప్పుకుని ఏడుగురొచ్చారు. ఆరుగురికి స్కాను అక్కర్లేదు. పెద్దతల్లిగారికైతే పంటి సందులో కొబ్బరిపీచు ఇరుక్కుంది. పుల్లతో తీశాను. స్కాను రాయలేదని నామీద అలిగి వెళ్ళిపోయారు. దయచేసి స్కాను కావాలో వద్దో నన్ను చెప్పనివ్వండి."

"అయితే ఏడోవాడికి గావాలన్నమాట!" అన్నారు దాలయ్య గారు. ఆ ఒక్కటీ ఆయన ఖాతాలోకి వెళ్ళిపోయింది.

ఆఖరికి పెద్దతల్లికి బుద్ధి చెప్పింది బంగారమ్మే. పెరటి గోడ దగ్గర నిలబడి, "ఎందుకు రాసినారో అడగాల అప్పా, రాయనేదనీసి దెబ్బలాడతారేటి?" అంది. "కిరణాలు ఒంటికి బలం కాదు. నీ కూతురు ప్రమోదిని ఏడో నెల కడుపుతో ఉన్నాది, దాని పన్ను నొప్పికి నువ్వే ఎల్లి స్కాను తీయించీకు, కడుపు సంగతి డాక్టరమ్మకి ముందే సెప్పు." పెద్దతల్లి మూతి ముడుచుకుంది గాని, విన్నది. కూతుర్ని మిషను దగ్గరికి కాక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ పంటికి చిన్న సిమెంటు సరిపోయింది.

ఆర్నెల్లకి శ్రీకాకుళం చూపించుకోడానికి వెళితే, మామూలు ఎక్స్‌రే ఒకటి తీసి, ఎముక నిండుతోందనీ, మళ్ళీ స్కాను అవసరం లేదనీ చెప్పారు. దాలయ్య గారు కాస్త నిరాశపడ్డారు. తిరుగు బస్సులో బంగారమ్మ వేయించిన వేరుశనక్కాయల పొట్లం విప్పి, ఒక్కొక్క గింజే ఎడమపక్కకి నెట్టి, తీరిగ్గా నమిలింది. పక్కన దాలయ్య గారు ఫోను తీసి కండక్టరుకి తన దవడ చూపిస్తున్నారు. టికెట్లు కొట్టాలండీ అని కండక్టరు రెండుసార్లు అన్నాడు. టెక్కలి స్టాపు రాగానే దాలయ్య గారు కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, "అదిగో, ఆ సందులోనే," అని చూపించారు.

"సెయ్యి లోపల పెట్టు మావా," అంది బంగారమ్మ, నములుతూ.